ఫైన్ కట్టేస్తే అయిపోతుందా?

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలో, శాక్రమెంటో దగ్గర ఉంటాను. ఐటీ ఉద్యోగం. గ్రీన్ కార్డు వచ్చి నాలుగేళ్లు దాటింది. మా అక్క భర్త అమెరికన్ సిటిజన్. ఆయన, ఇంకో స్నేహితుడు కలిసి లైసెన్సు తీసుకుని గంజాయి దుకాణం నడుపుతున్నారు. రెండేళ్ల కిందట బావ అడిగితే 50,000 డాలర్లు ఇచ్చాను. కాగితం ఏమీ రాసుకోలేదు. లాభంలో 15 శాతం ఇస్తానన్నారు, అప్పుడప్పుడు కొంత ఇస్తున్నారు కూడా. శని, ఆదివారాల్లో వెళ్లి స్టాకు లెక్కలు చూసిపెడుతుంటాను. పోయిన ఏడాది తనిఖీకి వచ్చినవాళ్లు కెమెరా రికార్డింగులు నెల రోజులకు మించి లేవని నోటీసు ఇచ్చారు. ఆ తర్వాత స్టాకులో తేడా ఉందని సైటేషన్ వస్తే ఫైన్ కట్టారు. ఇప్పుడు 'అక్యూజేషన్' అని పెద్ద కట్ట వచ్చింది. 21 ఏళ్లు నిండని కుర్రాడికి అమ్మారన్న ఆరోపణ కూడా అందులో ఉంది. "అన్నీ ఒప్పేసుకుని ఫైన్ కట్టేద్దాం. మరీ అయితే ఈ లైసెన్సు వదిలేసి నీ పేరు మీద కొత్తది తీసుకుందాం" అంటున్నారు బావ. నా భార్యకు ఇదేమీ నచ్చడం లేదు. ఇంట్లో రోజూ టెన్షన్. శ్రావణంలో మరదలి పెళ్లికి హైదరాబాద్ వెళ్లాలి. వచ్చే ఏడాది సిటిజన్‌షిప్‌కి అప్లై చేద్దామనుకుంటున్నాను. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ పేరు మీద కొత్త లైసెన్సు అన్న మాటను ఈ రోజే ఆపించండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

మీ భార్య భయానికి కారణం ఉంది. మీ బావగారు ఫైన్ ఎంత పడుతుందన్న లెక్కలో ఉన్నారు. ఆయన సిటిజన్, ఆయనకు ఆ లెక్క చాలు. మీకు చాలదు. మీరు ఉన్న చోట నుంచి చూస్తే ఈ వ్యవహారంలో అన్నిటికంటే చిన్న విషయం డబ్బే. ఏ కాగితంలో ఎవరు ఏం ఒప్పుకున్నారు, అందులో మీ పేరు ఎక్కడ, ఏ హోదాలో ఉంది అన్నదే మీకు ముఖ్యం. ఇకపై తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ ఆ కొలతతోనే చూసుకోండి.

ముందుగా ఆ కట్ట మీద తేదీ చూడమనండి. అక్యూజేషన్, అంటే లైసెన్సు మీద ఆరోపణలు మోపే కాగితం, అందిన రోజు నుంచి 15 రోజుల్లోపు 'నోటీస్ ఆఫ్ డిఫెన్స్' అనే కాగితం పంపాలి. మా మీద మోపినవాటిని మేం ఒప్పుకోవడం లేదు, విచారణ కావాలి అని చెప్పే చిన్న కాగితం అది. కట్టతో పాటే దాని ఫారం కూడా వస్తుంది. 15 రోజులు దాటితే విచారణ హక్కు వదులుకున్నట్టే. అప్పుడు లైసెన్సు ఇచ్చిన రాష్ట్ర డిపార్ట్‌మెంట్ ఏకపక్షంగా తీర్పు ఇచ్చేయవచ్చు. అలాంటి తీర్పును రద్దు చేయమని అడగడానికి, అది చేతికొచ్చాక 7 రోజులే గడువు, దానికీ సరైన కారణం చూపించాలి. "రాజీ చేసుకుందాం కదా, ఇదెందుకు" అని బావగారు అనవచ్చు. రాజీ చేసుకోవాలన్నా ఈ కాగితం వెళ్లి ఉండాల్సిందే. ఇది పంపినంత మాత్రాన గొడవకు దిగినట్టు కాదు.

ఆయన మూడు కాగితాలనూ ఒకే గాటన కట్టేస్తున్నట్టు ఉన్నారు. అసలు పొరపాటు అక్కడే జరుగుతోంది. కాలిఫోర్నియాలో ఈ వ్యాపారాన్ని 2021 జులై నుంచి డిపార్ట్‌మెంట్ ఆఫ్ క్యానబిస్ కంట్రోల్ చూస్తోంది. అంతకుముందు మూడు వేర్వేరు ఆఫీసులు చేసిన పనిని కలిపి దీన్ని పెట్టారు. పోయిన ఏడాది మీకు ముందుగా వచ్చింది సరిదిద్దుకోమని చెప్పే నోటీసు. దుకాణం కెమెరా రికార్డింగులు కనీసం 90 రోజులు దాచాలన్నది నిబంధన. మీవాళ్ల దగ్గర నెల రోజులవే ఉన్నాయి. హార్డ్ డిస్కు పెద్దది వేసుకుని, ఇదిగో సరిచేశాం అని గడువులోపు రాతపూర్వకంగా చెప్పి ఉంటే అది అక్కడితో ముగిసేది. చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. కనుక్కోండి.

రెండోది సైటేషన్. అది జరిమానా కాగితం. లైసెన్సు ఉన్నవాళ్లకు ఒక్కో ఉల్లంఘనకు 5,000 డాలర్ల దాకా వేయవచ్చు. లైసెన్సు లేనివాళ్లకైతే అదే 30,000 డాలర్ల దాకా పోతుంది. వద్దనుకుంటే 30 రోజుల్లోపు అప్పీలు అడగవచ్చు. మీ బావగారు అడగలేదు, కట్టేశారు. కట్టడం తప్పని నేను అనను, చాలామంది అదే చేస్తారు. కానీ ఆ కాగితం చెత్తబుట్టలోకి పోలేదు, ఫైల్లోకి పోయింది. ఇలాంటి శిక్ష ఎంత వేయాలో తూచేటప్పుడు తప్పు ఎంత తీవ్రమైనది, మనిషి నిజాయితీగా సరిదిద్దుకున్నాడా, ఇంతకుముందు ఏమైనా ఉన్నాయా అని చూస్తారు. ఆ మూడో ప్రశ్నకు జవాబును మీ బావగారు పోయిన ఏడాది చెక్కు రాసి మరీ ఇచ్చారు.

ఇప్పుడు వచ్చింది మూడోది. ఇది ఫైన్ కాగితం కాదు, లైసెన్సు మీద పెట్టిన కేసు. దీని చివర లైసెన్సు రద్దు కావచ్చు, కొన్ని రోజులు సస్పెండ్ కావచ్చు, షరతులతో ప్రొబేషన్ పెట్టవచ్చు, ఫైన్ పడవచ్చు, వీటిలో రెండు మూడు కలిపి కూడా రావచ్చు. పైగా దర్యాప్తుకైన ఖర్చు కూడా మీ దగ్గరే వసూలు చేయమని అడిగే అధికారం డిపార్ట్‌మెంట్‌కు ఉంది. విచారణ జరిపేది డిపార్ట్‌మెంట్ మనిషి కాదు, ఆఫీస్ ఆఫ్ అడ్మినిస్ట్రేటివ్ హియరింగ్స్ నుంచి వచ్చే జడ్జి. ఆయన ఇచ్చేది ప్రతిపాదన మాత్రమే. దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవాలా, మార్చాలా అన్నది డిపార్ట్‌మెంటే తేలుస్తుంది. అదీ నచ్చకపోతే క్యానబిస్ కంట్రోల్ అప్పీల్స్ ప్యానెల్ అని వేరే ఉంది, ఆ తర్వాత కోర్టు. దారి పొడుగ్గానే ఉంది కాబట్టి మొదటి మెట్టు మీదే అన్నీ ఒప్పేసుకోవాల్సిన తొందర లేదు.

ఇక సస్పెన్షన్. పది రోజులు మూసేస్తే ఏమవుతుందిలే అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఉంటారు. ఆ పది రోజుల్లో ఒక్క డెలివరీ పంపినా అది లైసెన్సు లేని అమ్మకం కిందకే వస్తుంది. లైసెన్సు లేకుండా అమ్మితే లైసెన్సు ఫీజుకు మూడు రెట్ల దాకా సివిల్ పెనాల్టీ, అదీ రోజుకోసారి లెక్క. దుకాణాల ఏడాది ఫీజు అమ్మకాలను బట్టి 2,500 డాలర్ల నుంచి 96,000 డాలర్ల దాకా ఉంటుంది. మూడు రెట్లు ఎంతో మీరే వేసుకోండి. తెలిసి సహకరించినవాళ్లకు కూడా ఒక్కో ఉల్లంఘనకు 30,000 డాలర్ల దాకా వేయవచ్చని 2022 నుంచి చట్టంలో ఉంది. సస్పెన్షన్ గనక వస్తే ఆ రోజుల్లో మీరు ఆ చుట్టుపక్కల కనిపించకండి.

ఆరోపణల్లో కెమెరాలది చిన్నది. మైనరుకి అమ్మడం పెద్దది. పోలీసులు 21 నిండని వాళ్లను కొనుగోలుదారులుగా పంపి పరీక్షించడానికి చట్టం ఒప్పుకుంటుంది. మీ దుకాణంలో జరిగింది అలాంటిదేనా, నిజంగా ఎవరో కుర్రాడు వచ్చాడా అన్నది లాయరు తెలుసుకోవాలి. "కౌంటర్ దగ్గరున్న అబ్బాయి చేశాడు, మాకు తెలియదు" అన్న జవాబు పనిచేయదు. ఉద్యోగి డ్యూటీలో చేసిన పనిని లైసెన్సుదారు చేసిన పనిగానే చూస్తారు. పనికొచ్చే జవాబు వేరే ఉంది. ఆ అబ్బాయికి శిక్షణ ఇచ్చామా, ఇచ్చినట్టు సంతకం ఉందా, ఐడీ స్కాన్ చేసే మిషను ఉందా, ఆ రోజు దాన్ని వాడారా, సంఘటన తర్వాత ఏం మార్చాం? శిక్ష తగ్గితే వీటి వల్లే తగ్గాలి.

స్టాకు తేడా విషయంలో నాకు ఇంకో అనుమానం ఉంది, అది మీకు కూడా తగులుతుంది కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ ప్రతి ప్యాకెట్టూ మెట్రిక్ అనే ప్రభుత్వ సిస్టమ్‌లో, పొలం నుంచి కౌంటర్ దాకా నంబరుతో నడుస్తుంది. అల్మరాలో ఉన్న సరుకు, సిస్టమ్‌లో ఉన్న అంకె కలవాలి. తేడా నెల సగటు అమ్మకాల్లో 3 శాతానికి చేరితే 24 గంటల్లో డిపార్ట్‌మెంట్‌కూ, స్థానిక పోలీసులకూ చెప్పాలి. శని, ఆదివారాల్లో లెక్కలు చూసేది మీరే అంటున్నారు. మరి ఆ తేడా మొదట ఎవరి కంట పడింది? మీరు చూసి బావగారికి చెప్పారా? వాట్సాప్‌లో చెప్పారా? మెట్రిక్‌లోకి ఎవరి లాగిన్‌తో వెళ్లారు? వీటికి జవాబులు మీ లాయరుకు చెప్పండి, నాకు రాయకండి. ఒక్క మెసేజ్ కూడా తీసేయకండి. కేసు నడుస్తుండగా చెరిపిన మెసేజ్, అసలు మెసేజ్ కంటే చెడ్డ సాక్ష్యం అవుతుంది. వ్యాపారం రికార్డులు ఏడేళ్లు ఉంచాలన్న నిబంధన ఎలాగూ ఉంది.

ఇప్పుడు మీ 50,000 సంగతి. మన ఇళ్లల్లో బావ అడిగితే బావమరిది ఇస్తాడు, కాగితం రాసుకుందామంటే అక్క మొహం చిన్నబోతుంది. అది నాకు తెలుసు. కానీ ఈ వ్యాపారంలో చేబదులు అనేది ఉండదు. అందులో 20 శాతం, అంతకు మించి వాటా ఉన్నవాళ్లంతా ఓనర్లుగా డిపార్ట్‌మెంట్ దగ్గర నమోదు కావాలి, వేలిముద్రలు ఇవ్వాలి. అంతకంటే తక్కువ పెట్టుబడి పెట్టినా, అప్పు ఇచ్చినా, లాభంలో భాగం పంచుకుంటున్నా 'ఫైనాన్షియల్ ఇంట్రస్ట్ హోల్డర్'గా పేరు ఇవ్వాలి. మార్పు జరిగితే 14 రోజుల్లోపు తెలియజేయాలి. మీ పేరు ఇచ్చారా? ఉత్తరం చూస్తే ఇవ్వలేదనే అనిపిస్తోంది. అంటే కట్టలో ఇంకా రాయని ఆరోపణ ఒకటి మీ రూపంలో ఉంది. వాటా శాతంతో పని లేకుండా, దుకాణాన్ని నడిపించేవాళ్లను, దాని తరఫున ఒప్పందాల మీద సంతకం చేసే అధికారం ఉన్నవాళ్లను కూడా ఓనరు కిందే చూస్తారు. ఏ అద్దె ఒప్పందం మీదో, సప్లయర్ కాగితం మీదో మీరు సంతకం పెట్టి ఉంటే అది కూడా లాయరు ముందు పెట్టండి.

ఈ లోపం పూడ్చుకుందామని ఎవరైనా రెండేళ్ల కిందటి తేదీతో ఇప్పుడు ప్రామిసరీ నోటు రాద్దామంటే రాయకండి. బావగారు కాదు, అక్కే వచ్చి ఏడ్చినా సరే. ఇప్పటిదాకా ఉన్నది చెప్పకపోవడం మాత్రమే. అది రాస్తే దొంగ పత్రం సృష్టించినట్టు అవుతుంది.

"నీ పేరు మీద కొత్తది" అన్న ఆలోచన ఎందుకు నిలవదో కూడా చెబుతాను. కాలిఫోర్నియాలో ఈ లైసెన్సు ఒకరి నుంచి ఒకరికి బదిలీ కాదు. ఓనర్లందరూ మారితే కొత్త దరఖాస్తు, కొత్త తనిఖీ, నగరపాలక అనుమతి అన్నీ మొదటి నుంచి రావాలి. నగరం అనుమతి లేనిదే రాష్ట్రం లైసెన్సు ఇవ్వదు. గత మూడేళ్లలో లైసెన్సు సస్పెండ్ లేదా రద్దు అయిన మనిషి దరఖాస్తులో ఓనరుగా ఉంటే, ఆ కారణం మీదే తిరస్కరించవచ్చు. కాబట్టి కాగితం మీద బావగారు ఉండకూడదు, లోపల మాత్రం ఆయనే నడపాలి. అలాంటి బినామీ ఏర్పాటును తెలుగువాళ్లకు వివరించక్కర్లేదు. అది బయటపడిన రోజు బావగారికి పోయేది దుకాణం. మీకు పోయేవి ఏవో ఇప్పుడు చెబుతాను.

రాష్ట్రం ఇచ్చిన లైసెన్సును ఫెడరల్ చట్టం చూడదు. 1970 నాటి కంట్రోల్డ్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్ కింద గంజాయిని షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో పెట్టారు. దాన్ని అంత కఠినం కాని షెడ్యూల్ 3లోకి దించుతామని 2024 మేలో ఫెడరల్ న్యాయశాఖ ప్రతిపాదించింది. అప్పటి నుంచీ వాట్సాప్ గ్రూపుల్లో "లీగల్ అయిపోయింది" అన్న వార్త నెలకోసారి తిరుగుతోంది. షెడ్యూల్ మారినా ఆ చట్టం పరిధిలోంచి బయటపడదు, డాక్టరు చీటీ లేకుండా సరదాకి అమ్మే దుకాణం ఫెడరల్ దృష్టిలో సక్రమం అయిపోదు. సిటిజన్‌కు దీంతో నిత్యం వచ్చే చిక్కులు బ్యాంకు ఖాతాలు, పన్నులు. అసలు ప్రమాదం మనలాంటి వలస వచ్చినవాళ్లకు. ఇమిగ్రేషన్ వ్యవహారాలన్నీ ఫెడరల్ చట్టంతోనే నడుస్తాయి.

2019 ఏప్రిల్ 19న అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఒక విధాన ప్రకటన విడుదల చేసింది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయికి సంబంధించిన పని ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘిస్తే సిటిజన్‌షిప్‌కు కావాల్సిన 'మంచి నడవడి' షరతు తప్పవచ్చని అందులో స్పష్టం చేసింది. వాడటం ఒక్కటే కాదు, ఆ పరిశ్రమలో ఉద్యోగం కూడా అందులోకి రావచ్చు. అదే సమయంలో కొలరాడోలో గ్రీన్ కార్డు ఉన్న ఇద్దరు, ఒకరు లిథువేనియా నుంచి, ఒకరు ఎల్ సాల్వడార్ నుంచి వచ్చినవారు, లైసెన్సు ఉన్న గంజాయి సంస్థల్లో పనిచేశామని చెప్పినందుకు సిటిజన్‌షిప్ దగ్గర దెబ్బతిన్నారు. డెన్వర్ మేయరు ఫెడరల్ అటార్నీ జనరల్‌కు ఉత్తరం రాసేదాకా వెళ్లింది. వాళ్లు దొంగచాటుగా అమ్మినవాళ్లు కారు, రాష్ట్రం ఒప్పుకున్న ఉద్యోగం చేసినవాళ్లు.

సిటిజన్‌షిప్ రాకపోవడం ఒకటైతే, ఉన్న గ్రీన్ కార్డు సంగతి ఇంకొకటి. మాదకద్రవ్యాల వ్యాపారంలో ఉన్నాడని, లేదా దానికి సహకరించాడని 'నమ్మడానికి కారణం' ఉంటే చాలు, ఆ మనిషిని దేశంలోకి రానివ్వకుండా ఆపవచ్చని ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది. కోర్టులో శిక్ష పడాల్సిన పని లేదు. ఆ డబ్బు అలాంటిదని తెలిసీ, గత ఐదేళ్లలో దానితో లాభపడిన భార్య, పిల్లలకూ అదే నిబంధన వర్తిస్తుంది. ఈ వాక్యం మీ భార్యకు కూడా చదివి వినిపించండి. మీ గురించే ఆవిడ భయపడుతున్నారు, తన గురించి ఇంకా ఆలోచించి ఉండరు.

ఇప్పుడు మళ్లీ "అన్నీ ఒప్పేసుకుందాం" దగ్గరికి రండి. డిపార్ట్‌మెంట్‌తో రాజీ కాగితంలో సాధారణంగా ఏం జరిగిందో రాస్తారు, ఒప్పుకున్నట్టు రాస్తారు. క్రమశిక్షణ చర్యల కాగితాలు ప్రజలకు అందుబాటులో ఉంటాయి. ఆ ఒప్పుకోలులో "స్టాకు వ్యవహారాలు చూసిన వ్యక్తి" అనో, "పెట్టుబడి పెట్టిన వ్యక్తి" అనో మీ పేరుతో ఒక్క వాక్యం ఉందనుకోండి. ఇమిగ్రేషన్ అధికారికి వేరే దర్యాప్తు అక్కర్లేదు. అందుకే రాజీ ఏ మాటలతో రాస్తారన్నది ఫైన్ అంకె కంటే మీకు ముఖ్యం. బావగారి లాయరు ఆ వాక్యాన్ని ఆయన కోణంలోనే చూస్తాడు. "అది బావమరిది చూసుకునేవాడు" అన్నది ఆయనకు మంచి జవాబు కూడా కావచ్చు. బావగారు అలాంటివారని నేను అనడం లేదు. లాయరు పని తన క్లయింటును కాపాడటం, ఆ క్లయింటు మీరు కాదు.

కాబట్టి మీకు మీ సొంత లాయరు కావాలి. నిజానికి ఇద్దరు కావాలి. ఇమిగ్రేషన్ తెలిసినవారు మొదట, ఆ తర్వాత క్యానబిస్ లైసెన్సు కేసులు చేసినవారు. హెచ్-1బీ కాగితాలు నింపే లాయరు దీనికి సరిపోకపోవచ్చు. నేరాలకూ ఇమిగ్రేషన్‌కూ ముడిపడ్డ కేసులు చేశారా అని అడిగి తీసుకోండి. ఖర్చవుతుంది. మీరు ఇచ్చిన 50,000 గురించి బాధపడే మనిషి ఇంకో కొన్ని వేలు పెట్టాలంటే మనసొప్పదు. అయినా పెట్టండి.

లాయరును కలిసేదాకా దుకాణానికి వెళ్లడం మానేయండి. లెక్కలు, లాగిన్లు, తాళాలు అన్నీ అప్పగించేయండి, మెట్రిక్‌లో మీ పేరుతో ఖాతా ఉంటే తీసేయించమని బావగారిని అడగండి. డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరైనా ఫోన్ చేస్తే మర్యాదగా "మా లాయరు మాట్లాడతారు" అనండి. అబద్ధం మాత్రం చెప్పకండి. ఇక నుంచి లాభం వాటా అంటూ ఏదీ తీసుకోకండి. ఇప్పటిదాకా తీసుకున్నది ఆదాయపు పన్ను లెక్కలో చూపించారా? చూపించకపోతే అది మూడో సమస్య, పన్నుల నిపుణుడితో వేరుగా మాట్లాడాలి. ఆ డబ్బులోంచి హైదరాబాద్‌కు పంపి ప్లాటుకో ఫ్లాటుకో కట్టి ఉంటే ఆ సంగతీ లాయరుకు చెప్పండి. ఫెడరల్ దృష్టిలో నేరంతో వచ్చిన డబ్బును దేశాలు దాటించడం మనీ లాండరింగ్ చట్టాల దాకా పోగలదు. ఇంటి లోను కోసమే పంపానన్నది మనకు సబబుగా అనిపిస్తుంది, వాళ్లకు అనిపించాలని లేదు.

మీ 50,000 వెనక్కి వస్తుందా అని అడగలేదు, మనసులో ఉండే ఉంటుంది. నోటిమాట అప్పు కాబట్టి కష్టం. లైసెన్సు రద్దయితే ఇంకా కష్టం. ఎందుకంటే ఇలాంటి దుకాణానికి ఉన్న విలువంతా ఆ లైసెన్సే, మిగిలేవి అల్మరాలు, కెమెరాలు. ఇప్పుడు హడావుడిగా వెనక్కి తీసుకోవడం కూడా లాయరును అడిగే చేయండి. ఈ సమయంలో జరిగే ప్రతి చెక్కూ రేపు ఎవరో ఒకరు చూస్తారు. బ్యాంకులు గంజాయి వ్యాపార ఖాతాల మీద ఫెడరల్ ఖజానా శాఖకు రిపోర్టులు పంపాలని 2014 నుంచే మార్గదర్శకాలు ఉన్నాయి.

బావగారికి కూడా ఒక మాట, ఆయన మీ ద్వారా చదువుతారని అనుకుని. రద్దు దాకా పోదులే అన్న ధీమా వద్దు. డెన్వర్‌లో స్వీట్ లీఫ్ అనే పెద్ద దుకాణాల గొలుసు ఉండేది. ఒకే మనిషి ఒకే రోజు మళ్లీ మళ్లీ వచ్చి, వచ్చిన ప్రతిసారీ పరిమితి మేరకు కొనుక్కుపోతుంటే అమ్ముతూ పోయారు. 2017 డిసెంబరులో పోలీసులు దాడి చేశారు. 2018లో నగరం వాళ్ల 26 లైసెన్సులనూ రద్దు చేసింది. 2019 జనవరిలో ముగ్గురు యజమానులకు ఏడాది జైలు పడింది. లైసెన్సులు గోడకు వేలాడుతూనే ఉన్నాయి, కాపాడలేదు. మీ దుకాణం తప్పులు ఆ స్థాయివి కావు. కెమెరాలు, స్టాకు, ఒక అమ్మకం. గట్టిగా సరిదిద్దుకుని, ఏం సరిదిద్దారో కాగితాలతో చూపిస్తే ప్రొబేషన్ దగ్గర ఆగే అవకాశం ఉన్న కేసు లాగే నాకు కనిపిస్తోంది. కానీ సరిదిద్దడం అంటే 90 రోజుల రికార్డింగు ఈ వారమే మొదలవ్వాలి, స్టాకు మొత్తం లెక్కపెట్టి మెట్రిక్‌తో సరిచూడాలి, మీ డబ్బు విషయం లాయరు చెప్పిన పద్ధతిలో డిపార్ట్‌మెంట్‌కు తెలియజేయాలి. ఆ చివరిది ఆయనకూ మీకూ ప్రయోజనాలు ఢీకొనే చోటు. అందుకే ఇద్దరు లాయర్లూ ముందు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. మీరిద్దరూ భోజనాల బల్ల దగ్గర తేల్చేసుకోకండి.

అక్కతో ఏం చెప్పాలన్నది మీకే వదిలేస్తాను, ఆవిడ మీ అక్క. "నేను పక్కకు తప్పుకోకపోతే నా పిల్లలు ఇక్కడ ఉండలేకపోవచ్చు" అంటే అర్థం చేసుకోని తోబుట్టువును నేను ఇంకా చూడలేదు.

చివరగా పెళ్లి ప్రయాణం. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు తిరిగొస్తే మామూలుగా ఇంటికి వచ్చినట్టే చూస్తారు. మాదకద్రవ్యాల చట్టం కింద నేరం చేసినవాళ్ల విషయంలో మాత్రం కొత్తగా ప్రవేశం అడుగుతున్న మనిషిలా చూడవచ్చని చట్టంలో మినహాయింపు ఉంది. పైన చెప్పిన 'నమ్మడానికి కారణం' నిబంధన అప్పుడే ఎదురొస్తుంది. అంటే ఇంట్లో కూర్చుంటే రాని ప్రశ్న శాన్ ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టులో రావచ్చు. సిటిజన్‌షిప్ ఫారం ఎన్-400లో కూడా మాదకద్రవ్యాలు ఎప్పుడైనా పంపిణీ చేశారా, అమ్మారా అన్న ప్రశ్న ఉంది. దానికి తప్పు జవాబు రాయడం ఇంకో నేరం. కాబట్టి రెండూ ఆపండి. ఎన్-400 వచ్చే ఏడాది వేయాలా, ఇంకా ఆగాలా అన్నది ఇమిగ్రేషన్ లాయరు తేల్చాలి. టికెట్లు ఇంకా తీసుకోకపోతే ఆయన్ని కలిసేదాకా తీసుకోకండి. తీసుకుని ఉంటే మీ భార్యవి, పిల్లలవి ఉంచి మీది ఒక్కటీ మార్చుకుందామని మాత్రం అనుకోకండి. ఆ డబ్బు ఇంట్లోకి వచ్చిందా, దేనికి ఖర్చయింది అన్నది వాళ్లకూ వర్తించే ప్రశ్నే. మరదలికి ఇప్పుడే ఫోన్ చేసి, రావడం ఇంకా ఖాయం కాలేదని చెప్పండి.